బైపాప్ మోగితే ముందు మనిషిని చూడండి: ఇంట్లో శ్వాస యంత్రాల అలారంలు, వాటి అర్థాలు

ఇంట్లో బైపాప్ గానీ, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ గానీ మోగితే ముందు చూడాల్సింది యంత్రం స్క్రీన్‌ను కాదు, మంచం మీద ఉన్న మనిషిని. పేరు పెట్టి పిలవండి. పలికారా? కళ్లు తెరిచారా? ఛాతీ లేచి పడుతోందా? పెదవులు, గోళ్లు నీలంగా మారాయా? దీనికి పట్టేది పది సెకన్లు. పిలిస్తే పలకకపోయినా, పెదవులు నల్లబడినా, మాట తడబడుతున్నా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేనంత ఆయాసం ఉన్నా అలారం ఎందుకు మోగిందో వెతుక్కుంటూ కూర్చోకూడదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు మనిషి దగ్గరే ఉండాలి. పేషెంట్ బాగానే ఉన్నారని తేలాకే యంత్రం వైపు తిరగాలి.

చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. రాత్రి రెండింటికి బీప్ అనగానే నిద్రమత్తులో లేచి, సౌండ్ ఆపే బటన్ నొక్కి మళ్లీ పడుకుంటారు. ఆ బటన్ సౌండ్‌ను ఆపుతుంది, అంతే. లోపలి సమస్య అలాగే ఉంటుంది. ఎక్కువ యంత్రాల్లో ఆ మ్యూట్ ఒకట్రెండు నిమిషాలే పనిచేసి, కారణం పోకపోతే మళ్లీ మోగుతుంది. అలా నాలుగైదు సార్లు లేవాల్సి వస్తే విసుగొచ్చి సెట్టింగ్స్‌లోకి వెళ్లి అలారంనే పూర్తిగా ఆఫ్ చేసేవాళ్లూ ఉన్నారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఏళ్ల తరబడి దుమ్ములో, పొగలో పనిచేసి ఇంటిపట్టున ఉంటున్న పెద్దవాళ్లకు ఈ వైపు కొదవ లేదు. సీఓపీడీ, పాత టీబీతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు, ఒళ్లు బరువు వల్ల వచ్చే శ్వాస ఇబ్బంది, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఇలా ఏదో ఒక కారణంతో ఆస్పత్రి నుంచి యంత్రంతో ఇంటికి వస్తారు. డిశ్చార్జి రోజు టెక్నీషియన్ వచ్చి పది నిమిషాలు చూపించి వెళ్తాడు. స్క్రీన్ మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. రాత్రి పక్కన పడుకునే దాదీకో, అమ్మీకో ఇంగ్లీషు రాదు, ఇంగ్లీషు వచ్చిన మనవడు పక్క గదిలో చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటాడు. 2021 సెకండ్ వేవ్ తర్వాత ఇంకో రకం సమస్య కూడా వచ్చి పడింది. అప్పుడు కొన్న, దానంగా వచ్చిన కాన్సన్‌ట్రేటర్లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి. బంధువులో, మస్జిద్ కమిటీ వాళ్లో అడిగినవాళ్లకు ఇస్తారు. మంచి పనే. కానీ యంత్రం వస్తుంది, దాని పుస్తకం రాదు.

మీ ఇంట్లో ఉన్నది ఏ యంత్రం?

అన్నింటినీ కలిపి ‘ఆక్సిజన్ మిషన్’ అనేస్తాం గానీ ఇవి వేర్వేరు. సీపాప్ ఒకే ప్రెషర్‌తో గాలి ఊది, నిద్రలో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. బైపాప్ ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ ప్రెషర్, వదిలేటప్పుడు తక్కువ ప్రెషర్ ఇచ్చి శ్వాసకు సాయం చేస్తుంది. ఈ రెండూ గదిలో గాలినే ఊదుతాయి, సొంతంగా ఆక్సిజన్ తయారు చేయవు. కాన్సన్‌ట్రేటర్ గదిలో గాలి నుంచి నైట్రోజన్‌ను వేరు చేసి ఆక్సిజన్ ఇస్తుంది, కానీ ఊపిరిని తోయదు. కొందరికి బైపాప్, కాన్సన్‌ట్రేటర్ రెండూ కలిపి వాడమంటారు. అలాంటప్పుడు మోగింది ఏ డబ్బా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. గురక జబ్బుకు సీపాప్ వాడే మనిషికి ఒక రాత్రి యంత్రం ఆగితే నిద్ర పాడవుతుంది, అంతే, సాధారణంగా ప్రాణం మీదికి రాదు. రోజుకు పదహారు, పద్దెనిమిది గంటలు బైపాప్ మీదే ఉన్నవాళ్లకు, మెడ దగ్గర గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టినవాళ్లకు నిమిషాలే లెక్క. రెండో రకం వాళ్ల మంచం పక్కన చేత్తో ఊదే ఆంబు బ్యాగ్ ఉండాలి, దాన్ని వాడడం ఇంట్లో కనీసం ఇద్దరికి ఆస్పత్రిలోనే నేర్పించుకోవాలి. మీ పేషెంట్ ఏ కోవలో ఉన్నారో, యంత్రం లేకుండా ఎంతసేపు ఉండగలరో డాక్టర్‌ని సూటిగా అడగండి. అడగడానికి మొహమాటపడే ప్రశ్న కాదిది.

మోతలోనూ తేడా ఉంది

వైద్య యంత్రాల అలారంలకు ఐఈసీ 60601-1-8 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాన్ని పాటించే యంత్రాల్లో అత్యవసరమైన అలారం మూడు, రెండు, మళ్లీ మూడు, రెండుగా మొత్తం పది బీప్‌లతో, మెరిసే ఎర్ర లైటుతో వస్తుంది. మధ్య రకానికి మూడు బీప్‌లు, మెరిసే పసుపు లైటు. చిన్న విషయానికి ఒకటో రెండో బీప్‌లు, మెరవకుండా వెలిగే లైటు. ఫిల్టర్ మార్చండి, మెమరీ కార్డు లేదు లాంటి సందేశాలు చివరి రకంలోకి వస్తాయి, వాటికి పొద్దున దాకా ఆగొచ్చు. చవక మోడల్స్ అన్నీ ఈ పద్ధతిలో ఉండవు. అందుకే యంత్రం తెచ్చిన రోజే టెక్నీషియన్ చేత ఒక్కో అలారం మోగించి చూపించమనండి. మాస్క్ తీసేస్తే ఎలా మోగుతుందో, ప్లగ్ పీకేస్తే ఎలా మోగుతుందో ఇంట్లో అందరూ వినాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

ప్లగ్ పీకినప్పుడు అసలు మోగదని తేలితే అది ఇంకా ముఖ్యమైన సమాచారం. లోపల బ్యాటరీ లేని సీపాప్‌లు చాలావరకు కరెంటు పోతే మౌనంగా ఆగిపోతాయి. కొన్ని బైపాప్‌లలో ఊపిరి ఆగితే మోగే అలారం, గాలి పరిమాణం తగ్గితే మోగే అలారం కంపెనీ నుంచే ఆఫ్‌లో వస్తాయి, డాక్టర్ చెబితే ఆన్ చేస్తారు. కాబట్టి యంత్రం మోగట్లేదంటే అంతా బాగుందనుకోవడానికి లేదు. ‘ఏ అలారంలు ఆన్‌లో ఉన్నాయి, ఏ అంకె దగ్గర పెట్టారు’ అని కాగితం మీద రాయించుకోవాలి.

అన్నింటికంటే ఎక్కువగా మోగేది: గాలి లీక్

బైపాప్ రాత్రిపూట మోగితే పదిలో ఎక్కువ సార్లు కారణం మాస్క్ అయి ఉంటుంది. నిద్రలో పక్కకు తిరిగితే అంచు లేస్తుంది, పట్టీ వదులవుతుంది, కట్టుడు పళ్లు తీసి పడుకుంటే బుగ్గలు లోపలికి పోయి సందు వస్తుంది. మాస్క్‌ను ముఖం నుంచి కొంచెం ముందుకు లాగి, గాలి నిండనిచ్చి, మళ్లీ వదిలితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. పట్టీలు బిగించడం చివరి ఉపాయం. మరీ బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది. ఆ నొప్పికి పేషెంట్ మాస్కే వద్దంటారు, అప్పుడు అసలుకే మోసం.

మన ఇళ్లలో గడ్డం మాట కూడా చెప్పుకోవాలి. నిండు గడ్డం మీద నోరు, ముక్కు రెండూ కప్పే మాస్క్ సరిగా అతకదు. లీక్ అలారం తరచూ మోగుతుంది. దానికి గడ్డం తీయించాల్సిన అవసరం లేదు. ముక్కు మాత్రమే కప్పే మాస్క్, లేదా ముక్కు రంధ్రాల దగ్గర కూర్చునే పిల్లో రకం మాస్క్ సరిపోతుందేమో డాక్టర్‌ని అడగాలి. నోటితో గాలి పీల్చే అలవాటున్నవాళ్లకు ఇది కుదరకపోవచ్చు, అందుకే సొంతంగా మార్చకూడదు. గడ్డానికి, ముఖానికి రాసే నూనె, అత్తర్, వాజెలిన్ వల్ల కూడా సిలికాన్ అంచు జారుతుంది. ఆక్సిజన్ కూడా నడుస్తుంటే నూనె, వాజెలిన్ లాంటివి అసలే రాయొద్దు, అవి మంటను ఇట్టే అందుకుంటాయి.

తహజ్జుద్‌కో, సహరీకో, బాత్రూమ్‌కో లేచినప్పుడు యంత్రం నడుస్తుండగానే మాస్క్ తీసి మంచం మీద పడేస్తే గాలి హోరున ఊదుతూ అలారం మోగుతుంది. ఇల్లంతా లేస్తుంది. ముందు స్టాండ్‌బై నొక్కి తర్వాత మాస్క్ తీయాలి. ట్యూబ్‌ను మాస్క్ దగ్గరే విప్పుకునే క్లిప్ చాలా మాస్క్‌లకు ఉంటుంది. మాస్క్ ముఖం మీదే ఉంచి ట్యూబ్ మాత్రమే విప్పి లేవొచ్చు.

లీక్ పేరుతో జరిగే ఒక పెద్ద పొరపాటు ఉంది. మాస్క్ ముందు భాగంలో గానీ, ట్యూబ్ కలిసే చోట గానీ చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అక్కడ ఎప్పుడూ సన్నగా గాలి వస్తూనే ఉంటుంది. అది లీక్ కాదు. పేషెంట్ వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి అదే. చప్పుడు చేస్తోందని దానికి ప్లాస్టర్ అంటించడం, దుప్పటి ముఖం మీదకి కప్పడం అంటే వదిలిన గాలినే మళ్లీ పీల్పించడమే. ఆస్పత్రుల్లో రంధ్రాలు లేని మాస్క్‌లు కూడా వాడతారు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆస్పత్రి నుంచి తెచ్చిన మాస్క్‌ను ఇంటి యంత్రానికి తగిలించే ముందు రంధ్రాలున్నాయో లేవో చూడాలి.

ఆక్సిజన్ పెంచే ముందు ఆగండి

‘ఆప్నియా’, ‘లో మినిట్ వెంటిలేషన్’, ‘లో టైడల్ వాల్యూమ్’ అన్న పేర్లతో వచ్చే అలారంలు లీక్ అలారం లాంటివి కావు. పేషెంట్ ఊపిరి ఆగిందనో, నిమిషంలో లోపలికి వెళ్తున్న గాలి తగ్గిపోయిందనో వాటి అర్థం. మాస్క్ ఊడితే, లీక్ ఎక్కువైతే కూడా ఇవి మోగొచ్చు. మాస్క్ సరిగ్గా ఉండీ మోగుతున్నాయంటే మనిషిని కదిపి లేపి చూడాల్సిందే.

ఇక్కడే కుటుంబాలు ప్రేమతోనే చేసే ఒక తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. అలారం మోగింది, వేలికి ఆక్సిమీటర్ పెడితే 87 చూపించింది, వెంటనే కాన్సన్‌ట్రేటర్‌ను 2 లీటర్ల నుంచి 5కి తిప్పేస్తారు. అంకె 97కి ఎక్కుతుంది. అబ్బాజాన్ కళ్లు మూసుకుని పడుకుంటారు. ‘అల్‌హమ్దులిల్లాహ్, హాయిగా నిద్రపట్టింది’ అనుకుంటారు అందరూ.

అది నిద్ర కాకపోవచ్చు. సీఓపీడీ ముదిరినవాళ్లలో, బాగా లావుగా ఉండి శ్వాస తక్కువగా తీసుకునేవాళ్లలో, కండరాల జబ్బులున్నవాళ్లలో అసలు సమస్య ఆక్సిజన్ లోపలికి రాకపోవడం ఒక్కటే కాదు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకపోవడం కూడా. అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే అది లోపల ఇంకా పేరుకుంటుంది. మనిషి మత్తులోకి జారిపోతాడు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ కార్బన్ డయాక్సైడ్‌ను కొలవలేదు, కాబట్టి అంకె బ్రహ్మాండంగా ఉంటుంది, మనిషి మాత్రం చేజారుతుంటాడు. అందుకే ఇలాంటి పేషెంట్లకు డాక్టర్లు సాధారణంగా పెట్టే లక్ష్యం 88 నుంచి 92 శాతం. 98 చూసి సంతోషించే జబ్బు కాదిది.

పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, మాటల్లో పొంతన లేకపోవడం, చేతులు ముందుకు చాపితే మణికట్టు రెక్కల్లా కొట్టుకోవడం, ఇవన్నీ కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నదని చెప్పే గుర్తులు. పెద్దవయసు కదా, రాత్రి నిద్ర లేదు కదా అని సర్దిచెప్పుకోవద్దు. పిలిస్తే లేవని మత్తు ఉంటే ఆలస్యం లేకుండా ఆస్పత్రే.

ఆక్సిజన్ అంకె తగ్గితే మరి ఏం చేయాలి? రాసిచ్చిన లీటర్లలోనే ఉంచి, ట్యూబ్ ఊడిందా, మడత పడిందా, కాన్సన్‌ట్రేటర్ సరిగా నడుస్తోందా, బైపాప్ మాస్క్ ముఖం మీద ఉందా చూడాలి. పేషెంట్‌ను లేపి తలవైపు ఎత్తుగా కూర్చోబెట్టాలి. అంకె ఎక్కకపోతే డాక్టర్‌కో 108కో ఫోన్ చేసి, వాళ్లు చెప్పినంతే పెంచాలి. భయపడి ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేయడం కూడా తప్పే. ఎంత అంకె దగ్గర ఎంత పెంచాలి, ఎప్పుడు ఆస్పత్రికి రావాలి అన్నది రెండు వరుసల్లో డిశ్చార్జి కాగితం మీదే రాసిమ్మని అడగండి. అంబులెన్స్ వచ్చాక సిబ్బందికి ముందే చెప్పండి: ‘బైపాప్ పేషెంట్, కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే సమస్య ఉంది.’ ఈ ఒక్క వాక్యంతో దారిలో ఇచ్చే ఆక్సిజన్ లెక్క మారుతుంది.

అంకె నిజమైనదేనా అన్నది కూడా చూసుకోవాలి. చేతులు చల్లబడితే, వేలు కదులుతుంటే ఆక్సిమీటర్ తప్పు చూపిస్తుంది. ఈద్‌కో, షాదీకో పెట్టుకున్న మెహందీ, ముఖ్యంగా నల్ల మెహందీ, గోళ్ల రంగు కూడా రీడింగ్‌ను దెబ్బతీయగలవు. రంగు లేని వేలికో, కాలి వేలికో పెట్టి, అర నిమిషం కదలకుండా ఉంచి చూడండి.

ట్యూబ్, నీళ్లు, ప్రెషర్

ప్రెషర్ ఎక్కువైందనో తగ్గిందనో మోగితే ట్యూబ్ మీద ఎవరో కూర్చున్నారేమో, మంచం కోడు కింద నలిగిందేమో, ఎక్కడైనా చిల్లు పడిందేమో చూడాలి. గరగర చప్పుడొస్తుంటే ట్యూబ్‌లో నీళ్లు చేరాయి. డిసెంబర్, జనవరి చలిలోనూ, ఏసీ గదిలోనూ హ్యుమిడిఫయర్ నుంచి వచ్చే తేమ చల్లబడి నీరవుతుంది. మాస్క్ తీసి, ట్యూబ్ విప్పి, నీళ్లు వంపేయాలి. యంత్రాన్ని ఎప్పుడూ మంచం కంటే కిందే పెట్టాలి, అప్పుడు నీళ్లు ముఖం మీదికి రావు. హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుంది. జమ్‌జమ్ నీళ్లలోనూ ఖనిజాలుంటాయి, వాటిని శిఫా కోసం పేషెంట్‌కు తాగించండి, యంత్రంలో మాత్రం పోయొద్దు.

కాన్సన్‌ట్రేటర్ మోగితే

ఆన్ చేసిన మొదటి కొన్ని నిమిషాలు పసుపు లైటు వెలిగితే కంగారు పడనక్కర్లేదు, ఆక్సిజన్ శుద్ధి తగినంత స్థాయికి రావడానికి టైం పడుతుంది. మంచి కాన్సన్‌ట్రేటర్ 90 నుంచి 96 శాతం శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కనీస హద్దు 82 శాతం. దాదాపు ఆ స్థాయికి పడిపోతే శుద్ధి తగ్గిందన్న అలారం వస్తుంది. ఫిల్టర్ కడిగినా, లీటర్లు డాక్టర్ రాసినంతే ఉన్నా అది పోకపోతే లోపలి జియోలైట్ పాడైనట్టే, మెకానిక్ పని. రెండేళ్లు మూల పడేసిన యంత్రాన్ని అప్పుగా తెచ్చుకుంటే ముందు చేయించాల్సిన పరీక్ష ఇదే. గాలి బుస్సుమని వస్తున్నంత మాత్రాన అందులో ఆక్సిజన్ ఉన్నట్టు కాదు.

ఫ్లో తగ్గిందని మోగితే ముక్కు ట్యూబ్ మడత, లేదా నీళ్ల సీసా మూత వంకరగా బిగియడం కారణం. వేడెక్కిందని మోగితే యంత్రం గోడకు, కర్టెన్‌కు ఆనుకుని ఉందేమో చూడండి. చుట్టూ ఒక అడుగు ఖాళీ ఉండాలి. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగడంతో వరంగల్ రోడ్డు పక్క ఇళ్లలో దుమ్ము ఎంతో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి చోట ‘నెలకోసారి ఫిల్టర్’ అన్న పుస్తకం మాట పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. బయటి స్పాంజి ఫిల్టర్‌ను వారానికోసారి, అవసరమైతే ఇంకా ముందే కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. బైపాప్‌లోని తెల్ల కాగితపు ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, మార్చాలి.

జుమేరాత్ సాయంత్రం లోబాన్, ఊద్, అగర్‌బత్తి వెలిగించే ఇళ్లలో ఆక్సిజన్ నడిచే గదిని వదిలేయండి. నిప్పు ఏదైనా కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. బట్టల్లో, దుప్పట్లో, గడ్డంలో ఆక్సిజన్ కాసేపు నిలిచి ఉంటుంది, కాబట్టి ఆక్సిజన్ ఆపిన వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు, అరగంట ఆగాలి. బైపాప్‌కు ఆక్సిజన్ కలిపి వాడేవాళ్లు ముందు బైపాప్ ఆన్ చేసి తర్వాత ఆక్సిజన్ తెరవాలి. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత బైపాప్. వరుస తప్పితే ఆక్సిజన్ యంత్రం లోపల చేరి మంటకు దారి తీయొచ్చు.

కరెంటు పోయినప్పుడు లెక్క

యంత్రం ఆగిపోయి మాస్క్ ముఖం మీదే ఉంటే పేషెంట్ తను వదిలిన గాలినే పీలుస్తారు. సొంతంగా ఊపిరి తీసుకోగలిగినవాళ్లకు కరెంటు పోగానే చేయాల్సిన మొదటి పని మాస్క్ తీయడం. తర్వాతే టార్చ్, జనరేటర్, ఫోన్.

లెక్క వేసుకుంటే తెలుస్తుంది. 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ దాదాపు 350 వాట్లు లాగుతుంది. ఇళ్లలో ఉండే 150 ఏహెచ్, 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి, నిజంగా చేతికొచ్చేది 1,200 అనుకోండి. అంటే కాన్సన్‌ట్రేటర్ ఒక్కటే నడిపినా మూడు గంటల పైచిలుకు, ఫ్యాన్లు, లైట్లు కూడా వేస్తే రెండు గంటలు. బ్యాటరీ పాతదైతే ఇంకా తక్కువ. బైపాప్ ఒక్కటే అయితే హ్యుమిడిఫయర్ హీటర్ ఆపేసి రాత్రంతా నడపొచ్చు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమే ఉండాలి. ఒక పగటి పూట కావాలనే మెయిన్ ఆపి, పేషెంట్‌కు సిలిండర్ పెట్టి, ఇన్వర్టర్ మీద యంత్రం ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టి చూడండి. డీలర్ చెప్పిన గంటల కంటే ఆ అంకే నమ్మకమైనది.

సిలిండర్ లెక్క కూడా అంతే. బి-టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు, 5 లీటర్ల చొప్పున ఐదు గంటలు. సిలిండర్ ఉంది కదా అని సరిపెట్టుకోకుండా కీ, రెగ్యులేటర్ దాని పక్కనే తాడుతో కట్టి ఉంచండి. రాత్రి చీకట్లో దొరకనిది ఎప్పుడూ ఆ కీనే.

కరెంటు ఫిర్యాదుకు టీజీఎస్‌పీడీసీఎల్ నంబర్ 1912. యూఎస్‌సీ నంబర్ బిల్లు మీద ఉంటుంది, ఫోన్ చేసేటప్పుడు అది చేతిలో ఉంటే పని తొందరగా అవుతుంది. ఇంట్లో శ్వాస యంత్రం మీద పేషెంట్ ఉన్నారని మీ సెక్షన్ ఆఫీసు ఏఈకి ఒక అర్జీ రాసిచ్చి ఉంచడం మంచిది. ముందే ప్రకటించే మెయింటెనెన్స్ కోతల వివరాలు అడిగి తెలుసుకోవచ్చు.

బిల్లు సంగతి కూడా దాచుకోవాల్సింది కాదు. 350 వాట్ల యంత్రం రోజంతా నడిస్తే 8.4 యూనిట్లు, నెలకు 252. అంటే గృహజ్యోతి 200 యూనిట్ల హద్దు ఆ ఒక్క యంత్రంతోనే దాటిపోతుంది. జీరో బిల్లు పోతుందని యంత్రం గంటలు తగ్గించాలన్న ఆలోచన రావడం సహజం. డాక్టర్ రాత్రికి చాలన్నారా, పదిహేను గంటలన్నారా, రోజంతా అన్నారా అన్నది మళ్లీ అడిగి కనుక్కోండి. అవసరం తగ్గి ఉంటే ఆయనే తగ్గిస్తారు. రోజా విషయంలోనూ ఇంతే. ఉట్టి గాలి ఊదే మాస్క్ వేరు, మందు కలిపిన నెబ్యులైజర్ వేరు. ఆలిమ్‌ను, డాక్టర్‌ను ఇద్దరినీ రమజాన్‌కు ముందే అడగాలి. ఎవర్నీ అడగకుండా మాస్క్ పక్కన పెట్టేయడం సరికాదు.

గోడ మీద ఒక కాగితం, చేతిలో కొన్ని నంబర్లు

యంత్రం పైన గోడకు ఒక కాగితం అంటించండి. స్క్రీన్ మీద వచ్చే ఇంగ్లీషు మాటలను ఇంట్లో ఎవరికి ఏది చదవడం వస్తే ఆ లిపిలో, తెలుగులోనో ఉర్దూలోనో, పక్కన ఒక్కో పనితో రాయండి. కిందే డాక్టర్, టెక్నీషియన్, సిలిండర్ నింపే షాపు, 108, 1912. 108కి అడ్రస్ చెప్పేటప్పుడు గల్లీ పేరు ఒక్కటే చాలదు. ఉప్పల్ వైపైతే దగ్గరి మెట్రో పిల్లర్ నంబర్, నాచారంలో అయితే ఈఎస్ఐ హాస్పిటల్ నుంచో హెచ్ఎంటీ నగర్ నుంచో దారి చెప్పాలి. ఒకరిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టాలి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు బైపాప్, మాస్క్, వైరు కూడా తీసుకెళ్లండి.

ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికుల కుటుంబాలు యంత్రం, మాస్క్ ఖర్చు గురించి తమ డిస్పెన్సరీలోనూ, నాచారం ఈఎస్ఐ హాస్పిటల్‌లోనూ ముందు అడిగి, తర్వాతే బయట కొనాలి. తిరిగి వచ్చే డబ్బుకు ముందస్తు అనుమతి, డాక్టర్ రాత కీలకం, కొన్నాక తెచ్చిన బిల్లుతో తిరగడం కష్టం. కార్డు లేనివాళ్లకు ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, గాంధీ ఉన్నాయి. అలారం తరచూ మోగుతుంటే ఓపీకి యంత్రంతోనే వెళ్లండి. చాలా బైపాప్‌లలోని కార్డులో రాత్రి రాత్రికీ లీక్ ఎంత, ఎన్ని గంటలు వాడారు అన్నది రికార్డై ఉంటుంది. ‘మోగుతోంది సార్’ అనే మాట కంటే ఆ కార్డు డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది. ప్రెషర్ సెట్టింగులు మాత్రం ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు మోడల్, సీరియల్ నంబర్ అడగండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీపాప్, బైపాప్, వెంటిలేటర్లలో చాలా మోడల్స్‌ను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ చెదిరి, ఆ రేణువులు గాలితో పాటు లోపలికి వెళ్లే అవకాశం ఉందన్నది కారణం. అలాంటి యంత్రం సరిచేయకుండా అమ్మకానికి వస్తే బయటి నుంచి చూసి కనిపెట్టలేరు. సీరియల్ నంబర్‌తో కంపెనీని అడగాల్సిందే. ఏ కంపెనీ యంత్రమైనా అలారం మోగాల్సిన చోట మోగకపోయినా, పదే పదే దానంతట అది ఆగిపోతున్నా డీలర్‌తో పాటు ప్రభుత్వ మెటీరియోవిజిలెన్స్ విభాగానికి కూడా చెప్పొచ్చు. టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024. ఆఫీసు వేళల్లో ఫోన్ చేయాలి, యంత్రం మీది సీరియల్ నంబర్ దగ్గర పెట్టుకోవాలి.